స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ తర్వాత జిమ్ ట్రైనర్, ఫిజియో తప్ప వేరే దారే లేదా?

మూడోఏడు_ముగింపు
ఎక్సర్‌సైజ్ అండ్ స్పోర్ట్స్ సైన్స్‌లో చివరి సెమిస్టర్ నడుస్తోంది. డిగ్రీ చేతికొచ్చాక ఏం చేయాలో ఎవరినడిగినా రెండే మాటలు. ఒకటి, జిమ్‌లో ట్రైనర్‌గా చేరిపో. రెండు, మళ్ళీ మొదట్నుంచి ఫిజియోథెరపీ చదువు. కండరం ఎలా సంకోచిస్తుంది, ఆక్సిజన్ ఎక్కడ ఎంత ఖర్చవుతుంది, అలసట ఎక్కడ మొదలవుతుంది అని ఇన్నాళ్ళు చదివింది ఈ రెండింటికేనా అని కడుపు మండుతోంది. ఉద్యోగ ప్రకటనలు చూస్తే ఒక్కోచోట ఒక్కో పేరు. ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ అంటారు, స్ట్రెంగ్త్ కోచ్ అంటారు, పర్ఫార్మెన్స్ అనలిస్ట్ అంటారు. పని గురించి చదివితే అన్నీ చేయగలననిపిస్తుంది, కింద అర్హతలు చదివితే ఒక్కదానికీ సరిపోను. అందరికీ అనుభవం ఉన్నవాళ్ళే కావాలి, ఆ అనుభవం మొదట ఎవరిస్తారో మాత్రం చెప్పరు. మా బ్యాచ్ అమ్మాయిల్లో చాలామంది అప్పుడే వేరే కోర్సులకు అప్లై చేసేశారు. నాకు ల్యాబ్ అంటే ఇష్టం, మాస్క్ పెట్టి ట్రెడ్‌మిల్ మీద వీఓ2 మ్యాక్స్ టెస్ట్ (శరీరం గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడగలదో కొలిచేది) చేస్తుంటే టైమే తెలీదు. మెంబర్‌షిప్పులు అమ్మడం అంటే అస్సలు పడదు. ఈ రంగంలో నిజంగా పనిచేస్తున్నవాళ్ళు రోజూ ఏం చేస్తారో, అక్కడికి ఎలా చేరారో చెప్పండి. సలహాలు ఆ తర్వాత.

బార్‌బెల్_బాబాయ్
"జిమ్‌లో ట్రైనర్" అన్నదగ్గర కాస్త చిన్నచూపు కనిపించింది అమ్మాయ్, అక్కడొక్క నిమిషం ఆగు. నేను చాలా ఏళ్ళుగా జిమ్ ఫ్లోర్ మీదే ఉన్నా. మోకాలు నొప్పితో వచ్చే ఆవిడ, షుగర్ ఉన్న పెద్దాయన, కాన్పయి కొన్ని నెలలైన తల్లి, మారథాన్‌కి తయారయ్యే కుర్రాడు, అందరూ ఒకే పూట వస్తారు. ఒకే స్క్వాట్‌ని ఆ నలుగురికీ నాలుగు రకాలుగా చెప్పాలి. ఇది ఏ ల్యాబ్‌లోనూ రాదు. అమ్మకాల ఒత్తిడి ఉన్న మాట నిజమే, క్లయింట్లు ఉంటేనే ఆదాయం అన్నదీ నిజమే. కానీ అదొక్కటే చూసి మొత్తం పనిని తీసిపారేయొద్దు.

ల్యాబ్_పిల్లి
ఓపీ (ప్రశ్న వేసిన అమ్మాయి) తీసిపారేయలేదు బాబాయ్, వేరే దారి అడిగింది అంతే.

బార్‌బెల్_బాబాయ్
సరేలే. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోమని చెప్తున్నా. ఏ ఇంటర్వ్యూలోనైనా "మనుషులకు వ్యాయామం నేర్పిన అనుభవం ఉందా" అని అడుగుతారు. వారానికి కొన్ని గంటలు ఫ్లోర్ మీద చేసినవాడు ఆ ప్రశ్న దగ్గర తడబడడు.

గుండెచప్పుడు
నేను కార్డియాక్ రిహాబ్‌లో, అంటే గుండె జబ్బు తర్వాత కోలుకునే విభాగంలో, ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్‌ని. రోజూ ఏం చేస్తారని అడిగావు కాబట్టి అదే చెప్తా. పొద్దున కొత్తగా వచ్చినవాళ్ళకి ఆరు నిమిషాల నడక పరీక్ష. గుండెపోటు వచ్చినవాళ్ళు, స్టెంట్ వేసినవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు ఉంటారు. వరండాలో ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడిచారో కొలుస్తాం, ముందూ వెనకా బీపీ, పల్స్, ఆక్సిజన్ చూస్తాం. తర్వాత గ్రూప్ సెషన్, కొందరికి ఈసీజీ లీడ్లు పెట్టి సైకిల్ తొక్కిస్తాం. పుస్తకంలో "గరిష్ఠ హార్ట్ రేట్‌లో ఇంత శాతం" అని చదువుకున్నావు కదా, ఇక్కడ సగం మంది బీటా బ్లాకర్లు అనే మందుల మీద ఉంటారు, వాళ్ళ గుండె వేగం పెరగాల్సినంత పెరగదు. ఆ శాతాల్ని గుడ్డిగా నమ్మితే మనిషిని ఎక్కువ కష్టపెడతాం. అందుకే బోర్గ్ స్కేల్ చేతిలో ఉంటుంది, ఎంత కష్టంగా ఉందో మనిషే అంకెల్లో చెప్పేది, 6 నుంచి 20 వరకు ఉండేది. సాధారణంగా 11 నుంచి 14 మధ్య ఉంచుతాం. మిగతా టైమంతా మాటలే. ఆపరేషన్ అయిన మనిషి మెట్లెక్కడానికి భయపడతాడు, ఇంట్లోవాళ్ళు ఇంకా భయపడతారు. ఆ భయం తగ్గించడం నా పనిలో పెద్ద భాగం.

ఇక్కడికి ఎలా చేరానంటే డిగ్రీ తర్వాత క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీలో మాస్టర్స్, అందులో ఆస్పత్రి ప్లేస్‌మెంట్, అంటే చదువులో భాగంగా ఆస్పత్రిలో పనిచేసి నేర్చుకోవడం. ఆ ప్లేస్‌మెంట్ గంటలే నాకు ఉద్యోగం తెచ్చాయి, మార్కులు కాదు.

పరుగుపందెం
6 నుంచి మొదలవడం ఏంటో నాకు ఎప్పటికీ అర్థం కాలేదు. 1 నుంచి పెట్టొచ్చుగా.

గుండెచప్పుడు
ఆరోగ్యంగా ఉన్న కుర్రవయసువాళ్ళలో ఆ అంకెని పదితో గుణిస్తే దాదాపు హార్ట్ రేట్ వస్తుంది. విశ్రాంతిలో 60కి 6, చచ్చేంత కష్టానికి 200కి 20. స్వీడన్ మనస్తత్వ శాస్త్రవేత్త గున్నార్ బోర్గ్ అలా కట్టాడు. బీటా బ్లాకర్ వాడేవాళ్ళకి ఆ లెక్క పనిచేయదు, కానీ కష్టం ఎంతో వాళ్ళే చెప్తారు కాబట్టి స్కేల్ మాత్రం పనికొస్తుంది.

పరుగుపందెం
మూడేళ్ళ కోర్సులో ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదు. థాంక్స్ అక్కా.

మళ్ళీ_ఫిజియో
ఓపీకి నచ్చకపోయినా చెప్తున్నా, ఫిజియో చదవమన్నవాళ్ళు ఊరికే అనలేదు. నేను స్పోర్ట్స్ సైన్స్ చేసి తర్వాత ఫిజియో చేశా. చాలా దేశాల్లో ఫిజియోథెరపిస్ట్ అన్న పేరుకి చట్టం రక్షణ ఉంది, రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పేరు పెట్టుకోలేరు. స్పోర్ట్స్ సైంటిస్ట్ అని మాత్రం ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. లైసెన్స్ ఉన్నవాడికి ఆస్పత్రి తలుపు తెరుచుకుంటుంది, టీమ్ తలుపూ తెరుచుకుంటుంది.

ల్యాబ్_పిల్లి
అవి రెండూ వేరు పనులు కదా. నొప్పి ఎక్కడుంది, ఎందుకుంది అని పరీక్షించి నిర్ధారించి చికిత్స చేయడం నీ పని. ఓపీకి నచ్చింది కొలవడం, శిక్షణ రాయడం. లైసెన్స్ ఉందని ఇష్టం లేని పని ముప్పై ఏళ్ళు చేయమంటావా?

మళ్ళీ_ఫిజియో
ఇష్టం లేకపోతే వద్దు. ఆలోచించకుండా కొట్టిపారేయొద్దు అంటున్నా. నా క్లాసులో స్పోర్ట్స్ సైన్స్ నుంచి వచ్చినవాళ్ళం లోడ్ (శిక్షణ భారం) పెంచడం, ప్రోగ్రామ్ రాయడంలో మిగతావాళ్ళకన్నా చాలా ముందుండేవాళ్ళం. ఆ చదువు వృథా పోలేదు.

గుండెచప్పుడు
"ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు" అన్నది అన్నిచోట్లా అంతే కాదు. ఆస్ట్రేలియాలో ఎస్సా అని వృత్తి సంస్థ ఉంది, పూర్తిపేరు ఎక్సర్‌సైజ్ అండ్ స్పోర్ట్స్ సైన్స్ ఆస్ట్రేలియా. వాళ్ళ దగ్గర అక్రెడిటెడ్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ అయితే, దీర్ఘకాలిక జబ్బులున్న రోగులను జీపీ డాక్టర్ పంపినప్పుడు మెడికేర్ అనే ప్రభుత్వ ఆరోగ్య బీమా కింద కొంత డబ్బు తిరిగొస్తుంది. అంటే ప్రభుత్వమే ఆ పనిని వైద్యసేవలో భాగంగా చూస్తోంది. అమెరికాలో ఏసీఎస్‌ఎం, అదే అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్, క్లినికల్ ఎక్సర్‌సైజ్ ఫిజియాలజిస్ట్ సర్టిఫికేషన్ ఇస్తుంది, దానికి వందల గంటల క్లినికల్ అనుభవం చూపించాలి. కాబట్టి ఓపీ, ముందు నువ్వు ఏ దేశంలో పనిచేయాలనుకుంటున్నావో అక్కడ ఏ సంస్థ ముద్ర చెల్లుతుందో చూడు. ఒకచోటి ముద్ర ఇంకోచోట చెల్లుతుందని అనుకోవద్దు.

ఫోర్స్‌ప్లేట్
స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్, అంటే ఆటగాళ్ళ బలం, ఫిట్‌నెస్ పెంచే పని, దాని నుంచి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. ఒక ప్రొఫెషనల్ టీమ్‌లో అసిస్టెంట్‌ని. బయట నుంచి చూస్తే స్టేడియం, టీమ్ జెర్సీ, సెల్ఫీలు. లోపల చూస్తే తెల్లవారకముందే బరువులు సర్దడం, ఆటగాళ్ళు వచ్చేసరికి ఫోర్స్ ప్లేట్ (కాళ్ళు నేలని నెట్టే బలాన్ని కొలిచే పలక) మీద జంప్ టెస్టుకి అన్నీ సిద్ధం చేయడం, నిన్నటి మ్యాచ్ తర్వాత ఎవరి జంప్ తగ్గిందో చూసి హెడ్ కోచ్‌కి రెండు ముక్కల్లో చెప్పడం. తర్వాత వార్మప్, జిమ్, ఎవరికి ఎంత బరువో మార్చడం. హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) గాయాలు తగ్గించడానికి నార్డిక్ వ్యాయామం (మోకాళ్ళ మీద ఉండి శరీరాన్ని మెల్లగా ముందుకు దించడం) ఎంత మంచిదో అందరికీ తెలుసు, క్రమం తప్పకుండా చేస్తే ఆ గాయాలు దాదాపు సగానికి తగ్గుతాయని పరిశోధనలున్నాయి. ఆ "క్రమం తప్పకుండా" అన్నదే నా ఉద్యోగం. ఎవరికీ నార్డిక్ ఇష్టం ఉండదు, మర్నాడు కాళ్ళు పట్టేస్తాయి, మ్యాచ్‌కి రెండు రోజుల ముందు చేయించబోతే కోచ్ వద్దంటాడు. వారంలో ఏ రోజు ఇరికించాలి, ఎవరిని ఎలా ఒప్పించాలి అన్నదాంట్లోనే ఉంది అంతా.

సర్టిఫికేట్ సంగతి. చాలా ఉద్యోగ ప్రకటనలు సీఎస్‌సీఎస్ (సర్టిఫైడ్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ స్పెషలిస్ట్) అడుగుతాయి. 1978లో మొదలైన ఎన్‌ఎస్‌సీఏ (నేషనల్ స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ అసోసియేషన్) అనే అమెరికన్ సంస్థ ఇస్తుంది. పరీక్ష రెండు భాగాలు, ఒకటి శాస్త్రం, ఒకటి ఆచరణ. రెండోదాంట్లో వీడియోలు చూపించి లోపం ఎక్కడుందో అడుగుతారు. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు, సీపీఆర్, ఏఈడీ (గుండె ఆగితే షాక్ ఇచ్చే యంత్రం) సర్టిఫికేట్ ఉండాలి. ఇప్పటిదాకా ఏ సబ్జెక్ట్‌లో డిగ్రీ ఉన్నా రాయనిచ్చారు, 2030 నుంచి గుర్తింపు పొందిన స్ట్రెంగ్త్ అండ్ కండిషనింగ్ కోర్సు చేసినవాళ్ళకే అని నిబంధన ప్రకటించారు. ఇటువైపు రావాలనుకునేవాళ్ళు ఆలస్యం చేయకండి, వాళ్ళ సైట్‌లో తాజా నిబంధనలు చూసుకోండి.

మూడోఏడు_ముగింపు
ఉద్యోగ భద్రత ఎలా ఉంటుంది? వినడానికి చాలా బాగుంది కానీ ఆ పోస్టులు ఎన్నుంటాయి?

ఫోర్స్‌ప్లేట్
తక్కువే. ఒక టీమ్‌కి ముగ్గురో నలుగురో, అప్లై చేసేవాళ్ళు వందల్లో. వరసగా ఓడితే హెడ్ కోచ్‌ని మారుస్తారు, కొత్తాయన తన మనుషుల్ని తెచ్చుకుంటాడు. మన పని ఎంత బాగున్నా సామాను సర్దుకోవాల్సిందే. ఇది తెలిసే వచ్చాను, ఇప్పటికీ ఈ పనే కావాలి. కానీ ఇంటి బాధ్యతలు వెంటనే మీద పడేవాళ్ళు ఒకసారి ఆలోచించుకోవాలి.

జీతంలేనిజీవి
ఇంటర్న్‌షిప్పుల గురించి కూడా చెప్పండి అన్నా. ఒక క్లబ్‌లో సీజన్ మొత్తం జీతం లేకుండా చేయించుకున్నారు. నేర్పిస్తామన్నారు, నీళ్ళ సీసాలు మోయించారు, కోన్లు పెట్టించారు, చివరికి అనుభవ పత్రం అడిగితే రేపు మాపు అన్నారు. ఈ రంగంలో సగం ఇంటర్న్‌ల చెమట మీదే నడుస్తోంది. ఎవరూ ఊరికే పనిచేయొద్దు. మనం ఒప్పుకున్నంత కాలం వాళ్ళు పోస్టు వేయరు.

ఫోర్స్‌ప్లేట్
నీకు జరిగింది అన్యాయమే. కానీ అసలు చేయొద్దు అంటే ఒప్పుకోను. నా మొదటి అవకాశం అలాగే వచ్చింది.

జీతంలేనిజీవి
మీకు వచ్చింది కాబట్టి దారి బాగుంది అంటున్నారు. రానివాళ్ళు ఇక్కడికొచ్చి రాయరుగా. ఇంట్లో డబ్బు ఉన్నవాడే ఏడాది ఊరికే పనిచేయగలడు, లేనివాడు ఎంత తెలివైనవాడైనా బయటే ఉంటాడు. దీన్ని ఓపికకి పరీక్ష అని పొగడటం నాకు నచ్చదు.

ల్యాబ్_పిల్లి
జీవి చెప్పింది నూటికి నూరుపాళ్ళు కరెక్ట్.

కోచమ్మ
ఇద్దరి మాటల్లోనూ నాకు కనిపించేది ఒకటే. కాలేజీ ద్వారా క్రెడిట్లకు లెక్కయ్యే ప్లేస్‌మెంట్ వేరు, డిగ్రీ అయ్యాక ఊరికే పనిచేయించుకోవడం వేరు. మొదటిదాన్ని వదలొద్దు, ఓపీ ఇంకా విద్యార్థే కాబట్టి ఇప్పుడే వాడుకోవాలి. రెండోది అయితే చేరే ముందే కాగితం మీద రాయించుకోండి. ఎవరు పర్యవేక్షిస్తారు, ఏం నేర్పుతారు, ఎప్పుడు ముగుస్తుంది, పత్రం ఎవరిస్తారు. రాయడానికి వెనకాడేవాళ్ళ దగ్గర చేరకండి. ఇంకో మాట, ఓపీ అమ్మాయి కాబట్టి. మగవాళ్ళ టీమ్‌లో నేను మొదట చేరినప్పుడు బరువులు నేర్పనిచ్చేవారు కాదు, స్ట్రెచింగ్ చూసుకో అనేవారు. నేను వాదన పెట్టుకోలేదు, ఆటగాళ్ళ టెస్టులు చేసి ఒక్కొక్కరికీ వాళ్ళ అంకెలు వాళ్ళకే చూపించడం మొదలుపెట్టాను. కొన్నాళ్ళకి వాళ్ళే నా దగ్గరికి ప్రోగ్రామ్ కోసం వచ్చారు. ఇప్పుడు పరిస్థితి అప్పటికన్నా మెరుగు, మహిళల క్రీడలు పెరిగే కొద్దీ మహిళా క్రీడాకారుల మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయాలు, నెలసరి, గర్భం తర్వాత తిరిగి ఆటలోకి రావడం, వీటి మీద తెలిసినవాళ్ళ అవసరం బాగా కనిపిస్తోంది.

పరుగుపందెం
కోచమ్మ గారూ, ఇది సేవ్ చేసుకున్నా.

ఎక్సెల్_వీరుడు
డేటా వైపు నుంచి. నేను పర్ఫార్మెన్స్ అనలిస్ట్‌ని. ఆటగాళ్ళ వీపు మీద జీపీఎస్ యూనిట్ ఉంటుంది, సెకనుకి పది సార్లు స్థానం నమోదు చేస్తుంది. ఎంత దూరం పరిగెత్తాడు, ఎన్నిసార్లు గట్టిగా వేగం పెంచాడు, ఎన్నిసార్లు ఆగాడు అన్నీ వస్తాయి. దానితో పాటు ప్రాక్టీస్ అయ్యాక ఎంత కష్టంగా ఉందో పదికి ఎంత అని అడుగుతాం, దాన్ని నిమిషాలతో గుణిస్తాం. 75 నిమిషాల ప్రాక్టీస్‌కి 6 చెప్తే 450. కార్ల్ ఫోస్టర్ బృందం తెచ్చిన పద్ధతి, ఖర్చు లేదు, స్కూల్ టీమ్‌లో కూడా చేయొచ్చు. ఓపీకి ల్యాబ్ ఇష్టమంటే ఇది బాగా నచ్చుతుంది. కానీ ఎక్సెల్ గట్టిగా, ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ కొంచెం, స్టాటిస్టిక్స్ భయం లేకుండా రావాలి. మా క్లాసులో స్టాట్స్ పేపర్‌ని అందరూ గట్టెక్కితే చాలనుకున్నారు. ఇప్పుడు ఇంటర్వ్యూల్లో వాళ్ళని వెనక్కి పంపేది అదే.

ల్యాబ్_పిల్లి
అక్యూట్ క్రానిక్ రేషియో కూడా చూస్తారా మీ దగ్గర? ఈ వారం లోడ్‌ని గత నాలుగు వారాల సగటుతో భాగించి 0.8 నుంచి 1.3 మధ్య ఉంటే క్షేమం అంటారు కదా.

ఎక్సెల్_వీరుడు
ఒకప్పుడు గోడ మీద పెట్టేవాళ్ళు. తర్వాత దాని లెక్కలోనే లోపాలున్నాయని, గాయాల్ని ముందే చెప్పడానికి దాన్ని వాడకూడదని గట్టి విమర్శలొచ్చాయి. లోడ్ ఒక్కసారిగా పెంచొద్దు అన్న మామూలు జ్ఞానం అలాగే ఉంది, ఆ అంకె మీద నమ్మకమే పోయింది. ఇంటర్వ్యూలో దీని గురించి అడిగితే రెండు వైపులా చెప్పు ఓపీ. యాప్‌లో ఎర్ర రంగు కనిపించగానే ఆటగాడిని కూర్చోబెట్టేవాడు ఎవరికీ అక్కర్లేదు.

బార్‌బెల్_బాబాయ్
ఇంటర్వ్యూ అంటే గుర్తొచ్చింది, వింగేట్ టెస్ట్ (సైకిల్‌ని పూర్తి శక్తితో తొక్కించేది) కన్నా ఘోరంగా ఉంటాయి ఈమధ్య. అది 30 సెకన్లలో అయిపోతుంది, ఇవి గంట పీకుతున్నారు.

పరుగుపందెం
రెండింటి తర్వాతా వాంతి వచ్చేది మాత్రం నిజం 😄

నిద్రలేని_పీహెచ్‌డీ
ల్యాబ్ ఇష్టం అన్నదాని మీద ఎవరూ సరిగ్గా ఆగలేదు. ల్యాబ్ ఇష్టమైనవాళ్ళందరూ పీహెచ్‌డీ చేయనక్కర్లేదు. ల్యాబ్ టెక్నీషియన్ అనేది పూర్తి స్థాయి ఉద్యోగం. యూనివర్సిటీల్లో, ఆస్పత్రుల ఊపిరితిత్తుల, గుండె విభాగాల్లో, క్రీడా సంస్థల్లో ఉంటుంది. పొద్దున్నే మెటబాలిక్ కార్ట్‌ని (ఊపిరిలోని వాయువుల్ని కొలిచే యంత్రం) తెలిసిన గ్యాస్‌తో సరిచూడటం, మూడు లీటర్ల సిరింజితో గాలి పరిమాణం సరిచూడటం, మాస్క్ లీకవుతోందా చూడటం. కాలిబ్రేషన్ తప్పితే ఆ రోజు టెస్టులన్నీ చెత్తబుట్టలోకే. ఇలాంటి పని ఓపిగ్గా చేసేవాళ్ళు దొరకరు, దొరికితే వదులుకోరు. నీకు అది ఇష్టమో లేక కేవలం టెస్ట్ చూడటం ఇష్టమో తేల్చుకో.

పీహెచ్‌డీ సంగతంటావా, ఒక ప్రశ్న నిన్ను వదలకుండా వెంటాడుతుంటేనే చెయ్యి. ఉద్యోగం దొరకలేదని చేరితే మధ్యలో చాలా కష్టమవుతుంది. నాది వృద్ధుల్లో కండబలం తగ్గడం మీద. ఐదేళ్ళ తర్వాత కూడా పొద్దున్నే లేచి దాని గురించే చదవాలనిపిస్తోంది, అందుకే ఉన్నా.

కుర్చీకొలతలు
నేను ఆటలకి చాలా దూరం. ఒక ఫ్యాక్టరీలో ఎర్గోనమిక్స్, అంటే పనిని మనిషి శరీరానికి తగ్గట్టు మార్చడం, చూస్తాను. బరువులెత్తే పనివాళ్ళకి నడుం ఎందుకు పడుతోంది, లైన్ ఎత్తు మారిస్తే ఏమవుతుంది, ఎండాకాలం షిఫ్టులో విశ్రాంతి ఎంతసేపు ఉండాలి. నేను చదివిన బయోమెకానిక్స్ మొత్తం ఇక్కడే వాడుతున్నా. స్పోర్ట్స్ సైన్స్ అంటే ఆటగాళ్ళే గుర్తొస్తారు గానీ ఈ శాస్త్రం పెరిగిందే పనివాళ్ళ అలసట మీద. హార్వర్డ్ ఫెటీగ్ ల్యాబొరేటరీ 1927లో మొదలైంది బిజినెస్ స్కూల్ నేలమాళిగలో, 1947 దాకా నడిచింది. వాళ్ళు హూవర్ డ్యామ్ కడుతున్న కార్మికుల దగ్గరికి ఎడారికి వెళ్ళి, వేడికి శరీరం ఏమవుతోందో, చెమటలో ఉప్పు ఎంత పోతోందో చూశారు. ఫ్యాక్టరీలో వందల మంది ఉంటారు, ఒక చిన్న మార్పుతో అందరి నడుములూ బాగుపడతాయి. నాకు ఇంతకన్నా తృప్తినిచ్చే పని కనిపించలేదు. ఉద్యోగం స్థిరంగా ఉంటుంది, ఆదివారం మ్యాచులుండవు.

ఫోర్స్‌ప్లేట్
ఆదివారం మ్యాచులుండవు అన్న దగ్గర నాకు నిజంగా ఈర్ష్య వచ్చింది.

నిద్రలేని_పీహెచ్‌డీ
కుర్చీకొలతల పోస్ట్ ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా పైన ఉండాలి.

పరుగుపందెం
ఇంకా వింత ఉద్యోగాలుంటే చెప్పండి.

కోచమ్మ
పారా క్రీడల్లో క్లాసిఫయర్లు. ఏ క్రీడాకారుడి వైకల్యం ఆ ఆట మీద ఎంత ప్రభావం చూపుతోందో పరీక్షించి ఎవరు ఏ తరగతిలో పోటీపడాలో నిర్ణయిస్తారు. డాక్టర్లు, ఫిజియోలతో పాటు టెక్నికల్ క్లాసిఫయర్లు ఉంటారు, స్పోర్ట్స్ సైన్స్ వాళ్ళు అటు వెళ్ళొచ్చు. చాలామందికి అది పూర్తికాలం ఉద్యోగం కాదు, కోచింగో బోధనో చేసుకుంటూ శిక్షణ తీసుకుని చేస్తారు. డోపింగ్ కంట్రోల్ ఆఫీసర్లు కూడా అంతే, నమూనాలు సేకరించే పని, నియమం ఒక్కటి తప్పినా కేసు పోతుంది కాబట్టి చాలా జాగ్రత్త కావాలి.

ఎక్సెల్_వీరుడు
అంతరిక్షం మర్చిపోయారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు రోజుకి దాదాపు రెండు గంటలు వ్యాయామం చేస్తారు, లేకపోతే ఎముకలూ కండరాలూ కరిగిపోతాయి. బరువు లేని చోట బరువులెత్తడానికి ఏఆర్‌ఈడీ అనే యంత్రం, అది వాక్యూమ్ సిలిండర్లతో పనిచేస్తుంది. వాళ్ళకి ప్రోగ్రామ్ రాసేది, తిరిగొచ్చాక మళ్ళీ నడవడం నుంచి మొదలుపెట్టించేది స్ట్రెంగ్త్ కోచ్‌లే, నాసాలో దానికి ప్రత్యేకంగా మనుషులున్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని పోస్టులు, కానీ ఉన్నాయి. అగ్నిమాపక దళం, పోలీసు, సైన్యం శిక్షణలో మాత్రం అంతకన్నా చాలా ఎక్కువ. ఎన్‌ఎస్‌సీఏ వాళ్ళకి దానికోసం వేరే సర్టిఫికేట్ కూడా ఉంది.

మూడోఏడు_ముగింపు
అన్నీ చదివాను, కొన్ని రెండేసి సార్లు. ఇన్ని ఉన్నాయని మా సీనియర్లకి కూడా తెలీదు. ఇప్పుడు కొత్త టెన్షన్, ఏది పట్టుకోవాలో తెలీట్లేదు. మాస్టర్స్ వెంటనే చేయాలా, ఏడాది పనిచేసి చేయాలా?

కోచమ్మ
ఉద్యోగం పేరు పక్కన పెట్టు. ఎలాంటి మనుషులతో రోజంతా ఉండగలవు? గెలవడం తప్ప వేరే ఏమీ పట్టని ఇరవై ఏళ్ళ ఆటగాళ్ళా, జబ్బు నుంచి కోలుకునే పెద్దవాళ్ళా, పిల్లలా, స్క్రీన్ మీద అంకెలా?

మూడోఏడు_ముగింపు
నిజం చెప్పాలంటే ల్యాబ్‌లో నాకు బాగా గుర్తున్న టెస్టులు మా బ్యాచ్‌వాళ్ళవి కాదు. ఒక ప్రాజెక్ట్ కోసం అరవై దాటినవాళ్ళు వచ్చారు, సైకిల్ మీద కాసేపు తొక్కి "నేను ఇంత చేయగలనా" అని ఆశ్చర్యపోయారు. అది నాకు చాలా నచ్చింది. గుండెచప్పుడు గారి పోస్ట్ చదువుతుంటే అదే గుర్తొచ్చింది.

నిద్రలేని_పీహెచ్‌డీ
అయితే నీకు జవాబు దొరికినట్టే. గుండె ఒక్కటే కాదు, ఊపిరితిత్తుల రిహాబ్, మధుమేహం, క్యాన్సర్ చికిత్స తర్వాత వ్యాయామం, అన్నీ అటువైపే. క్యాన్సర్ నుంచి బయటపడ్డవాళ్ళకి వ్యాయామం ఎంత, ఎలా అన్న ఏసీఎస్‌ఎం సూచనలు 2019లో కొత్తగా వచ్చాయి, చదువు. వృద్ధులు పడిపోకుండా న్యూజిలాండ్‌లో తయారైన ఒటాగో ప్రోగ్రామ్ చూడు, కాళ్ళ బలం, బ్యాలెన్స్, నడక, ఇంట్లోనే చేసేది. పెద్ద ల్యాబ్ అక్కర్లేకుండా ఎంత పని జరుగుతుందో తెలుస్తుంది.

బార్‌బెల్_బాబాయ్
మాస్టర్స్‌కి ముందు ఏడాది నా లాంటి చోట పెద్దవాళ్ళ బ్యాచ్ చూసుకో. జీతం వస్తుంది, మాట్లాడటం వస్తుంది.

మళ్ళీ_ఫిజియో
దీనితో ఏకీభవిస్తున్నా. క్లినికల్ కోర్సుకి ఇంటర్వ్యూ ఉంటే ఆ ఏడాది చాలా పనికొస్తుంది. మాస్టర్స్ ఎంచుకునేటప్పుడు కోర్సు పేరు చూడకు, ఆస్పత్రి ప్లేస్‌మెంట్ వాళ్ళే ఏర్పాటు చేస్తారా, ఆ కోర్సుకి వృత్తి సంస్థ గుర్తింపు ఉందా, ఈ రెండూ రాతపూర్వకంగా అడుగు. ప్లేస్‌మెంట్ మీరే వెతుక్కోవాలి అని చేరాక చెప్పే కోర్సులు ఉన్నాయి.

జీతంలేనిజీవి
ఇది బంగారం లాంటి మాట. ఫీజు కట్టే ముందే అడగాలి.

మూడోఏడు_ముగింపు
సరే, నా ప్లాన్ రాస్తున్నా, తప్పుంటే చెప్పండి. సెమిస్టర్ ముగిసేలోపు కాలేజీ ద్వారా ఒక రిహాబ్ యూనిట్‌లో చూడటానికి అనుమతి అడుగుతా. సీపీఆర్ సర్టిఫికేట్ ఇప్పుడే తీసుకుంటా. తర్వాత ఏడాది పెద్దవాళ్ళ బ్యాచ్ ఉన్న చోట పనిచేస్తూ స్టాట్స్ మళ్ళీ చదువుతా, క్లినికల్ మాస్టర్స్‌కి అప్లై చేస్తా. రిహాబ్ యూనిట్‌కి మెయిల్ డ్రాఫ్ట్ ఇది: "నేను ఎక్సర్‌సైజ్ సైన్స్ విద్యార్థిని. మీ యూనిట్‌లో ఇంటర్న్‌షిప్ అవకాశం ఉంటే తెలియజేయగలరు."

గుండెచప్పుడు
ప్లాన్ బాగుంది. మెయిల్ మార్చు. ఇలాంటివి మాకు చాలా వస్తాయి, ఎవరికీ జవాబివ్వడానికి టైముండదు. ఇంటర్న్‌షిప్ అడగొద్దు, ఒక్క పూట సెషన్ చూడనివ్వమని అడుగు. ఏ వారాల్లో రాగలవో రాయి. ఆరు నిమిషాల నడక పరీక్ష, బీపీ చూడటం, ఈసీజీ లీడ్లు పెట్టడం, వీటిలో ఏవి వచ్చో రాయి, రానివి వచ్చని రాయొద్దు. రోగుల వివరాలు బయటపెట్టనని కాలేజీ ఇచ్చే పత్రం ఉంటే జతచేయి, మాకు అదే మొదటి అడ్డంకి. మెయిల్ ఆస్పత్రి జనరల్ అడ్రస్‌కి కాకుండా రిహాబ్ కోఆర్డినేటర్‌కి పంపు, పేరు తెలీకపోతే ఫోన్ చేసి అడుగు. వారంలో జవాబు రాకపోతే మళ్ళీ ఒకసారి పంపు, మేమేం అనుకోం.

మూడోఏడు_ముగింపు
లీడ్లు పెట్టడం క్లాసులో చేశాం, బీపీ బాగా వచ్చు. నడక పరీక్ష చదివానే గానీ చేయించలేదు.

గుండెచప్పుడు
అలాగే రాసెయ్. నడక పరీక్ష వచ్చిన రోజు నేర్పిస్తారు. మార్చిన డ్రాఫ్ట్ ఇక్కడే పెట్టు, రాత్రికి చూస్తా.